ముక్కలు మారినా నిలిచేది: నిర్మాణం గురించి కొన్ని మాటలు



ఈ ఏడాది మొదట్లో ఎనిమిదో తరగతి వారిని ‘మా ఊరు’ అనే అంశం మీద ఒక పేజీ వ్యాసం రాయమన్నాము. తెలుగు చదువుకున్న ప్రతి తరమూ రాసిన వ్యాసమే అది. చెరువు, గుడి, రచ్చబండ, సంత... అందరూ ఏదో ఒకటి రాశారు. ఒక అమ్మాయి మాత్రం పైన శీర్షిక రాసి, దాని కింద గీత గీసి, ఖాళీ కాగితం ఇచ్చింది.

ఎందుకని అడిగితే, “ఏ ఊరు రాయాలి మేడమ్? పుట్టింది ఒక చోట, ఒకటో తరగతి ఇంకో చోట. ఇప్పటికి ఇది ఆరో ఊరు. నానమ్మ వాళ్ల ఊరికి సెలవుల్లో వెళ్తాం. అక్కడ కూడా అందరూ ‘ఎప్పుడొచ్చారు, మళ్లీ ఎప్పుడెళ్తారు’ అనే అడుగుతారు” అంది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. మేమూ బదిలీల మీద తిరుగుతున్నవాళ్లమే. పదకొండేళ్లలో అయిదు బడులు చూశాము. రైల్లో పక్కన కూర్చున్నవారు “మీది ఏ ఊరండీ?” అంటే మా నోరు కూడా ఒక్క క్షణం ఆగుతుంది. అందుకే ఆ కాగితానికి మార్కులు వెయ్యకుండా మా దగ్గరే ఉంచుకున్నాము.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నప్పుడు మాకు ఒక మాట దొరికింది. అది మీ అందరి పుస్తకాల్లోనూ ఉన్న మాటే: నిర్మాణం. రసాయన శాస్త్రంలో అణువు నిర్మాణం, జీవశాస్త్రంలో కణ నిర్మాణం, వ్యాకరణంలో వాక్య నిర్మాణం, సాంఘికశాస్త్రంలో సమాజ నిర్మాణం. రోడ్డు పక్కన బోర్డు మీద ‘వంతెన నిర్మాణంలో ఉంది’. ఇన్ని చోట్ల ఒకే మాట ఎందుకు వాడుతున్నాం? వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పోయిన గుర్రం, రోజూ వచ్చే రైలు

బదిలీ అయిన ఇళ్లలో ఏదో ఒక వస్తువు దారిలో పోతుంది. మా సామాను విప్పినప్పుడు ఒకసారి చదరంగం పెట్టెలో నల్ల గుర్రం కనిపించలేదు. ఆ గడిలో పాత కోటు బొత్తాం ఒకటి పెట్టి ఆడుకున్నాము. రెండు ఎత్తుల తరువాత అది బొత్తాం అన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు దూకుతోంది కదా, అది గుర్రమే.

ఈ పోలికనే స్విట్జర్లాండుకు చెందిన భాషాశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ తన పాఠాల్లో చెప్పారు. ఆయన 1913లో చనిపోయారు. శిష్యులు రాసుకున్న నోట్సు ఆధారంగా 1916లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి. గుర్రాన్ని గుర్రం చేసేది దాని కొయ్యా కాదు, ముఖమూ కాదు అంటారాయన. మిగతా పావుల మధ్య దానికున్న స్థానం, దాని నడక, అవే దాన్ని గుర్రం చేస్తాయి.

ఆయన రైలు ఉదాహరణ కూడా ఇచ్చారు. జెనీవా నుంచి పారిస్‌కు రోజూ ఒకే వేళకు బయలుదేరే రైలు ఉంది. ఇంజను వేరు, పెట్టెలు వేరు, నడిపేవారు వేరు. అయినా దాన్ని ‘అదే రైలు’ అంటాం. మీలో రైల్వే ఉద్యోగుల పిల్లలకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నిన్న విశాఖపట్నంలో బయలుదేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్, ఇవాళ బయలుదేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఒకే పెట్టెల వరస కానక్కర్లేదు. టైం టేబుల్లో దాని స్థానం, ముందు వెనక రైళ్లతో దాని సంబంధం, ఆగే స్టేషన్ల వరస, అవన్నీ కలిసి దానికి ఆ పేరు తెచ్చాయి.

ఇక్కడ మొదటి సంగతి రాసుకుందాం. నిర్మాణం అంటే భాగాల మధ్య ఉన్న సంబంధాల అల్లిక. భాగాలు మారినా సంబంధాలు నిలిస్తే వస్తువు నిలుస్తుంది.

అవే ముక్కలు, వేరే అమరిక

దీన్ని తిరగేసి చూద్దాం. భాగాలు అవే ఉండి, అమరిక మారితే ఏమవుతుంది?

మీ పెన్సిల్లో ఉన్న నల్లటి పుల్లను మనం సీసం అంటున్నాం కానీ అందులో సీసం లేదు. అది గ్రాఫైటు, మట్టి కలిపి చేసింది. గ్రాఫైటు అంటే కార్బన్. ఒకప్పుడు కృష్ణా నది ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు కూడా కార్బనే. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఎటు చూసినా అదే ముడి. గ్రాఫైటులో ప్రతి పరమాణువూ మూడింటితోనే ముడిపడి, తేనెపట్టు గదుల్లాంటి పలకగా పరుచుకుంటుంది. పలకలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. ఒక పలకకూ పై పలకకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు, అంటే రెండింతల కంటే ఎక్కువ. పలకల మధ్య పట్టు బలహీనం. మీరు రాసేటప్పుడు ఆ పలకలు జారి కాగితానికి అంటుకుంటాయి.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మామూలు అతుకు టేపుతో గ్రాఫైటు పొరలను పదే పదే ఊడదీసి, ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పలకను వేరు చేశారు. దాని పేరు గ్రాఫీన్. 2004లో ఈ సంగతి ప్రచురించారు, 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. కొత్త పదార్థమేమీ తయారు చెయ్యలేదు. పాత పెన్సిల్లో ఉన్న ఒక అమరికను విడదీసి చూపారు.

మూడు పాయల జడ

పరమాణువులు కంటికి కనిపించవు. మరి వాటి అమరిక ఎలా తెలిసింది? ఎక్స్-కిరణాలను పదార్థం గుండా పంపితే అవి లోపలి అమరికను బట్టి చెదిరి, ఫిల్ము మీద మచ్చల వరసగా పడతాయి. ఆ మచ్చల నుంచి లోపల ఏముందో లెక్కగట్టాలి. తలుపు సందులోంచి పడ్డ నీడను చూసి గదిలో సామాను ఎలా సర్దారో చెప్పడం లాంటి పని.

ఈ పనిలో మన దేశం పేరు నిలబెట్టినవారు జి.ఎన్. రామచంద్రన్. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆయన, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో కొల్లాజెన్ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. మన చర్మం, ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టే స్నాయువులు, వీటికి బలం ఇచ్చే ప్రొటీన్ అది. మన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్ కూడా అదే.

దాని నిర్మాణం తెలుగింటి పిల్లలకు చెప్పడం చాలా తేలిక. అది మూడు పాయల జడ. మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని తాడులా తయారవుతాయి. ప్రతి గొలుసులోనూ ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అమైనో ఆమ్లాల్లో అన్నిటికంటే చిన్నది అదే. మూడు పాయలు కలిసే నడిమి చోటు బాగా ఇరుకు. అక్కడ అంత చిన్నదే పడుతుంది. జన్యువులో పొరపాటు వల్ల ఒక గ్లైసిన్ ఉండాల్సిన చోట పెద్దది వచ్చి కూర్చుంటే జడ సరిగా బిగియదు. ఎముకలు పెళుసుబారి సులభంగా విరిగే పుట్టుక జబ్బు రావచ్చు. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసులో ఒక్క స్థానం తప్పినందుకు అంత నష్టం.

గ్లైసిన్ గొప్పదనం దాని చిన్నతనంలో ఉంది, అదీ ఆ చోట ఉన్నప్పుడే. తరగతిలో వెనక బెంచీలో కూర్చునే చిన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వంతెనలూ పద్యాలూ

గణితంవారు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. వాళ్లు ముక్కలను పూర్తిగా పక్కన పెట్టేసి సంబంధాలనే చూస్తారు.

కోనిగ్స్‌బర్గ్ అనే ఊరు ఒక నదికి రెండు ఒడ్డులా, మధ్య దీవుల మీదా ఉండేది. మొత్తం నాలుగు నేలలు, వాటిని కలిపే ఏడు వంతెనలు. ఏ వంతెననూ రెండోసారి ఎక్కకుండా ఏడింటినీ దాటగలమా అన్నది ఆ ఊరివారి సరదా ప్రశ్న. 1736లో లియొనార్డ్ ఆయిలర్ దానికి జవాబు రాశారు. నేల ఎంత పెద్దది, వంతెన ఎంత పొడవు, ఇవేవీ అక్కర్లేదు. ఏది దేనితో కలిసింది అన్నదే కావాలి. నడక మొదలుపెట్టిన చోటు, ముగించిన చోటు తప్ప, ఏ నేల మీదికి వచ్చినా మళ్లీ బయటికి పోవాలి. అంటే అక్కడ వంతెనలు జతలుగా ఉండాలి, సరిసంఖ్య కావాలి. కానీ అక్కడ ఒక నేలకు అయిదు, మిగతా మూడింటికీ మూడేసి వంతెనలు. నాలుగూ బేసి. కాబట్టి అలా దాటడం కుదరదు. ఇప్పుడు ఆ ఊరు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. పాత వంతెనల్లో కొన్ని యుద్ధంలో పోయాయి. ఆయిలర్ రుజువు మాత్రం అలాగే ఉంది.

ఈ రకం ఆలోచన మన ఛందస్సులో అంతకు చాలా ముందే ఉంది. ఛందస్సుకు మాట అర్థంతో పని లేదు. అది గురువా లఘువా అన్నదే చూస్తుంది. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. నాలుగు మాత్రల చోటును ఎన్ని రకాలుగా నింపవచ్చు? నాలుగు లఘువులతో ఒక రకం. ఒక గురువు, రెండు లఘువులైతే గురువు మొదట, మధ్య, చివర ఉండే మూడు రకాలు. రెండు గురువులతో ఒక రకం. మొత్తం 5. ఇలాగే లెక్కిస్తే ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, అయిదింటికి 8 వస్తాయి. ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. ఎందుకంటే చివరి అక్షరం లఘువైతే ముందున్న భాగానికి ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. గుజరాత్‌లో 12వ శతాబ్దంలో జీవించిన హేమచంద్రుడు, ఆయనకు ముందు విరహాంకుడు ఈ లెక్క చెప్పారు. అదే వరసను 1202లో ఇటలీకి చెందిన ఫిబొనాచీ కుందేళ్ల జతల లెక్కగా రాశారు. ఒకరు పద్యాలు లెక్కపెట్టారు, ఇంకొకరు కుందేళ్లను. వరస ఒకటే.

ఇప్పుడు మన హాజరు పట్టీ తీద్దాం. ఆటవెలది పద్యంలో రెండో పాదానికీ, నాలుగో పాదానికీ అయిదు సూర్యగణాలు ఉండాలి. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల న-గణం, గురువు లఘువు కలిసిన హ-గణం. ‘కమల’ న-గణం. ‘రాము’ హ-గణం. కాబట్టి,

కమల రాము సీత విమల భాను

అని పేర్లు పిలిస్తే అది ఆటవెలది పాదం. ‘కమల’, ‘విమల’ పదాల్లో రెండో అక్షరం ‘మ’ కలిసింది కనుక ప్రాసయతి కూడా సరిపోయింది. వచ్చే ఏడు మాకు బదిలీ అయి ఇంకో తరగతిలో,

సుజన రాజు గీత విజయ హరిణి

అని పిలిచామనుకోండి. ఒక్క పిల్లా పాత తరగతి పిల్ల కాదు. పాదం మాత్రం అదే పాదం.

కాఫీ గీఫీ, చాయ్ వాయ్

ఇప్పుడు మీకు రోజూ పనికొచ్చే చోటికి వద్దాం. కొత్త రాష్ట్రానికి వెళ్లగానే మొదట భయపెట్టేది భాష. బోర్డుల మీద లిపి వేరు, కూరగాయల పేర్లు వేరు. కానీ మీలో చాలామంది ఆరు నెలల్లో అక్కడి భాష మాట్లాడేస్తారు. మీ అమ్మానాన్నల సహోద్యోగులు ‘పిల్లలు కదా, తొందరగా వచ్చేస్తుంది’ అంటారు. అది నిజమే. దాని వెనక ఇంకో కారణం కూడా ఉంది.

“నాకు ఆకలి వేస్తోంది” అనే వాక్యం తీసుకోండి. హిందీలో “ముఝే భూఖ్ లగీ హై”. మరాఠీలో “మలా భూక్ లాగలీ ఆహే”. ఒడియాలో “మోతే భోక లాగుచి”. తమిళంలో “ఎనక్కు పసిక్కుదు”. మాటలన్నీ వేరు. కానీ అన్నిటిలోనూ ఆకలి ‘నాకు’ వేస్తుంది. ఇంగ్లీషులో అయితే ‘ఐ యామ్ హంగ్రీ’, అక్కడ ‘నేను’ ఆకలిగా ఉన్నాను. మనం “అన్నం తిని బడికి వెళ్లాను” అంటాం. హిందీలో “ఖానా ఖాకర్ స్కూల్ గయా”. మొదటి పని ముగిసిందని చెప్పే క్రియ ముందు, అసలు క్రియ చివర. అదే వరస.

ఇంకొకటి చూడండి. ఇంటికి ఎవరైనా వస్తే “కాఫీ గీఫీ తాగుతారా?” అంటాం. హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’: పుస్తకం గిస్తకం, పాలు గీలు. తమిళులు ‘కి, కీ’ వాడతారు: పుస్తకం కిస్తకం. హిందీవారు ‘చాయ్ వాయ్’ అంటారు, పంజాబీవారు ‘చా షా’, బెంగాలీవారు ‘చా టా’. ఒక్కొక్కరు ఒక్కో అక్షరం పెట్టారు కానీ, మాటను రెండోసారి పలికి మొదటి శబ్దాన్ని మార్చి ‘అలాంటివి ఇంకా ఏవైనా’ అనే అర్థం తేవడం అందరిదీ.

తెలుగు, తమిళం ద్రావిడ కుటుంబానివి. హిందీ, మరాఠీ, ఒడియా, బెంగాలీ, పంజాబీ ఇండో-ఆర్య కుటుంబానివి. పుట్టుక వేరు. అయినా వందల ఏళ్లు పక్కపక్కనే ఉండి, ఒకరి భాష ఇంకొకరు మాట్లాడుతూ, నిర్మాణంలో దగ్గరయ్యాయి. మర్రే ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లో ఈ విషయాన్ని సాక్ష్యాలతో చూపి, భారతదేశాన్ని ఒక ‘భాషా ప్రాంతం’ అన్నారు. అలా ఒకరి భాషను ఇంకొకరు మాట్లాడినవారిలో మీలాగే ఊళ్లు మారినవాళ్లూ ఉండి ఉంటారు. వ్యాపారులు, సైనికులు, యాత్రికులు, పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు.

ఎంత దూరంలో ఉన్నా నిర్మాణం ఎలా నిలుస్తుందో బ్రాహుయీ చెబుతుంది. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మాట్లాడే ద్రావిడ భాష అది. చుట్టూ బలూచీ మాట్లాడేవారు. దాని మాటల్లో చాలా భాగం బలూచీ, పర్షియన్, అరబ్బీ, సింధీల నుంచి వచ్చాయి. అంకెలు కూడా నాలుగు నుంచి అరువే. కానీ ఒకటి, రెండు, మూడు అనడానికి వాళ్లు అసిట్, ఇరట్, ముసిట్ అంటారు. ‘ఇరట్’లో తమిళ ‘ఇరండు’, ‘ముసిట్’లో మన ‘మూడు’ వినిపించడం లేదూ? క్రియారూపాల కూర్పులో కూడా భాషావేత్తలు ద్రావిడ కుటుంబాన్ని గుర్తుపట్టారు.

పెదనాన్నా, అంకులా?

బంధుత్వంలో కూడా నిర్మాణం ఉంది. ఇంగ్లీషులో అందరూ అంకుల్, అందరూ కజిన్. హిందీలో చాచా, తావూ, మామా, ఫూఫా, మౌసా అని పేర్లు విడివిడిగా ఉన్నా, వాళ్ల పిల్లలందరూ భాయీ బహన్‌లే. తెలుగులో నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న, అంటే వాళ్లూ నాన్నలే. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ, వాళ్లూ అమ్మలే. వారి పిల్లలు మనకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లి. నాన్న అక్కచెల్లెళ్లు మాత్రం మేనత్తలు, అమ్మ అన్నదమ్ములు మేనమామలు. వారి పిల్లలు బావ, వదిన, మరిది, మరదలు. “ఈయన మా బావ” అని కొత్త స్నేహితులకు చెప్పి, “అంటే అక్క భర్తా? కజిన్ బ్రదరా?” అని వాళ్లు అడిగితే తికమకపడ్డవాళ్లు మీలో ఎందరో ఉంటారు. తప్పు మీదీ కాదు, వాళ్లదీ కాదు. రెండు నిర్మాణాల గడులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు, అంతే.

అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే న్యాయవాది ఇరొక్వా తెగల్లో ఒకరైన సెనెకా ప్రజల బంధుత్వాలను రాసుకున్నారు. వారిలో కూడా నాన్న అన్నదమ్ముడు నాన్న, అమ్మ అక్కచెల్లెలు అమ్మ. మేనమామ, మేనత్త వేరు. తమిళ, తెలుగు పద్ధతులు దానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి ఆయన ఆశ్చర్యపోయి 1871లో పెద్ద గ్రంథం ప్రచురించారు. అయితే ఆ పోలిక చూసి, ఈ పద్ధతి ఆసియా నుంచే అక్కడికి వెళ్లిందని వాదించారు. అక్కడ తొందరపడ్డారు. ఒకే రకం నిర్మాణం వేర్వేరు చోట్ల విడివిడిగా కూడా ఏర్పడగలదు. పోలిక కనిపించగానే చుట్టరికం కలపకూడదు.

నిర్మాణం చెప్పలేనిది

ఇదే జాగ్రత్త మనమూ పాటించాలి. రసాయన శాస్త్రంలో నిర్మాణం అంటే కొలిచి చూపగల దూరాలు, కోణాలు. భాషలో అది మాట్లాడేవారు తెలియకుండానే పాటించే వరస. కుటుంబంలో అది మనుషులు పాటించే కట్టుబాటు, ఒక్కోసారి మార్చుకునే కట్టుబాటు. పేరు ఒకటే అయినా పని తీరు ఒకటి కాదు. కార్బన్ పరమాణువు తన పక్కన ఎవరుండాలో ఎంచుకోదు. మనం ఎంచుకుంటాం.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. పోయిన గుర్రం బదులు బొత్తాం పెట్టి ఆడవచ్చు. వదిలి వచ్చిన స్నేహితురాలి బదులు ఎవరినో ఒకరిని ఆ బెంచీలో కూర్చోబెట్టి ‘నిర్మాణం అలాగే ఉంది కదా’ అనలేము. మనుషులు స్థానాలు నింపే పావులు కారు. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మీకు ఏడుపు వస్తే అది తెలివితక్కువతనం కాదు. కొత్త చోట అన్నీ మళ్లీ కుదురుతాయి అన్నది ఎంత నిజమో, కొన్ని మళ్లీ దొరకవు అన్నదీ అంతే నిజం.

మేము, మనం

చివరగా తెలుగులో ఉన్న ఒక చిన్న తేడా గురించి. వింటున్నవారిని కలుపుకోకపోతే ‘మేము’ అంటాం. కలుపుకుంటే ‘మనం’ అంటాం. తమిళంలో ‘నాంగళ్’, ‘నామ్’ అనీ, మరాఠీలో ‘ఆమ్హీ’, ‘ఆపణ’ అనీ, గుజరాతీలో ‘అమే’, ‘ఆపణే’ అనీ ఈ తేడా ఉంది. హిందీలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. మన పక్కింటి చుట్టం లాంటి కన్నడంలో కూడా ఇప్పుడు ‘నావు’ ఒక్కటే. ‘మేము’ అనే మాట పక్కన ‘మనం’ ఉంది కాబట్టే దానికి ఆ అర్థం వచ్చింది. సొస్యూర్ చెప్పింది ఇదే: మాట విలువ దాని పక్కనున్న మాటలను బట్టి ఉంటుంది.

కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెలల్లో “మీ స్కూల్లో ప్రార్థన చాలాసేపు ఉంటుంది” అంటారు. “మా పాత స్కూల్లో” అంటారు. ఏదో ఒక రోజు, ఎవరూ గమనించకుండా, “మన స్కూల్లో” అంటారు. ఆ రోజు కోసం మేము చెవి పెట్టుకుని ఉంటాము. ఖాళీ కాగితం ఇచ్చిన అమ్మాయి డిసెంబరులో ఆటల పోటీల రోజు అంది: “మన వాళ్లు గెలుస్తారా మేడమ్?”

తరువాతి వారం ఆమె ఖాళీ కాగితాన్ని తిరిగి ఇచ్చి, పైన చెప్పినవన్నీ కొద్దికొద్దిగా చెప్పాము. “ఊరు పేరు రాయనక్కర్లేదు. ఆరు ఊళ్లలోనూ మారకుండా ఉన్నది ఏదో అది రాయి” అన్నాము.

ఆమె రాసిన వ్యాసంలో చెరువు లేదు, గుడి లేదు. కొత్త క్వార్టర్‌లో మొదటి సాయంత్రం ఉంది. ముందు గ్యాస్ పొయ్యి బిగిస్తారు, పాలు పొంగిస్తారు. తరువాత దేవుడి పటానికి మేకు కొట్టే చోటు వెతుకుతారు. రాత్రి అందరూ ఒకే గదిలో చాప మీద పడుకుంటారు, ఎందుకంటే మంచాలు ఇంకా విప్పలేదు. మూడో రోజు పక్కింటి ఆంటీ ఏదో ఒక వంట గిన్నెలో పెట్టి పంపుతుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ దానిలో ఆవకాయ వేసి ఇస్తుంది. ఒక ఊళ్లో ఆ గిన్నెలో ఢోక్లా వచ్చింది, ఒక ఊళ్లో పిఠా వచ్చింది, ఒక ఊళ్లో రాజ్మా వచ్చింది. ఆవకాయ మాత్రం ప్రతిసారీ వెళ్లింది. చివరి వాక్యంలో ఆమె రాసింది: “మా ఊరు ఆ గిన్నె వచ్చిన రోజు మొదలవుతుంది.”

ఆ కాగితానికి పదికి తొమ్మిది వేశాము. ఒక మార్కు ‘పిఠా’లో ఒత్తు మరిచినందుకు.

మీరూ చేసి చూడండి

1. నాలుగు ఐస్‌క్రీం పుల్లలను మూలల్లో గుండుసూదులతో కలిపి చతురస్రం చెయ్యండి. వేలితో నొక్కితే పక్కకు ఒరుగుతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చెయ్యండి, ఒరగదు. చతురస్రానికి మూల నుంచి మూలకు ఒక పొడవాటి పుల్ల కలిపి మళ్లీ నొక్కి చూడండి. ఈసారి రైలు వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి ఇనుప దూలాల మధ్య త్రిభుజాలను లెక్కపెట్టండి.

2. మీ తరగతి హాజరు పట్టీలోంచి అయిదు పేర్లు ఎంచి ఆటవెలది రెండో పాదం కట్టండి. యతి గాని ప్రాసయతి గాని కుదిరిందో లేదో చూసుకోండి.

3. మీ బస్సులో ఎన్ని భాషల పిల్లలున్నారో వాళ్లందరినీ ‘టీ గీ’కి వాళ్ల మాట అడిగి పట్టిక రాయండి.

4. ఊరి పేరు ఎక్కడా రాకుండా ‘మా ఊరు’ అని ఒక పేజీ రాసి మాకు ఇవ్వండి. మేమూ ఒకటి రాస్తున్నాము.